పల్లెలో నెట్ పెట్టిస్తున్నారా? స్పీడు కన్నా ముందు లైన్‌మ్యాన్ సంగతి అడగండి

కలిగిరి అవతల మెట్టలో మాది చిన్న ఊరు. ఊరి మొదట్లో ఆన్‌లైన్ పనులు చేసే షాపు నాది. వేలిముద్ర వేసి ఉపాధి కూలి డబ్బులు తీసుకునే అవ్వలు, స్కాలర్‌షిప్పుకి దరఖాస్తు చేసే పిల్లలు, అడంగల్ కాపీ కోసం వచ్చే రైతులు. నెట్ పోయిన రోజు అందరికీ ఒకటే మాట చెప్తాను: "సర్వర్ రాలేదు, మధ్యాహ్నం రండి." ఒకసారి ఒక అవ్వ సాయంత్రం దాకా అరుగు మీద కూర్చుని, "ఆ సర్వరు ఏ బస్సుకొస్తాడు నాయనా?" అని అడిగింది. నవ్వొచ్చింది గానీ, ఆమెకు ఒక రోజు కూలి పోయింది.

ఈ షాపు కోసం నేను నాలుగు రకాల కనెక్షన్లు మార్చాను. అందుకని చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా, "అబ్బయా, మా ఇంటికి ఏది పెట్టించుకోమంటావు?" అని ఫోన్లు వస్తుంటాయి. అడిగిన ప్రతి ఒక్కరూ ముందు స్పీడు గురించే అడుగుతారు. నేను మాత్రం ముందు వాళ్ల ఊరు ఎక్కడ, కరెంటు ఎట్లా ఉంటుంది, కేబుల్ ఆయన ఎవరు అని అడుగుతాను. ఎందుకో చెప్తాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

తెగితే ఎవరొస్తారు? నా లెక్కలో సగం మార్కులు దీనికే. నెల్లూరు టౌన్లో వైరు తెగితే సాయంత్రానికి మనిషి వస్తాడు. సీతారామపురంలోనో, సీఎస్ పురంలోనో తెగితే అతుకు వేసే మిషన్ ఏ ఊళ్లో ఉందో వెతకాలి. ఫైబర్ వైరును రాగి వైరులా మెలేసి టేపు చుడితే పని కాదు. లోపలి గాజు పోగు వెంట్రుకంత సన్నం. దాన్ని సరిగ్గా ఎదురెదురుగా పెట్టి కరిగించి అతకాలి, దానికి స్ప్లైసింగ్ మిషన్ కావాలి. ఆ మిషన్, దాన్ని వాడడం వచ్చిన కుర్రాడు మీ మండలంలోనే ఉంటే ఒక పూటలో అయిపోయే పని, లేకపోతే వారం పడుతుంది.

కరెంటు పోతే? మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే చాలదు. మీ వైరు అవతలి కొస ఉండే డబ్బాకు, అంటే కేబుల్ ఆయన గదిలోనో పంచాయతీ ఆఫీసులోనో ఉన్న మిషన్‌కు కూడా బ్యాటరీ ఉండాలి. ఈ రెండో సంగతి ఎవరూ అడగరు. మీ వైపుకైతే మందు చవకే. రూటరు 12 వోల్టులతో, పది పన్నెండు వాట్లతో నడుస్తుంది. వెయ్యి నుంచి రెండు వేల రూపాయల్లో దొరికే చిన్న రూటర్ యూపీఎస్ రెండు మూడు గంటలు లాగుతుంది.

నెలకు మొత్తం ఎంత? ప్రకటనలో ఉండే ధర మీద 18 శాతం జీఎస్టీ కలుపుకోండి. 599 అంటే 707, 449 అంటే 530. దాని మీద డబ్బా డిపాజిట్టు, వైరు లాగిన కూలి, స్తంభాలు ఎక్కువైతే అదనపు వైరు ఖర్చు.

ఎంత స్పీడు కావాలి? మనం అనుకునేంత అక్కర్లేదు. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అని పిలవాలంటే ఉండాల్సిన కనీస స్పీడు 2023 జనవరి దాకా 512 కేబీపీఎస్, అంటే సుమారు అర ఎంబీపీఎస్, అప్పుడు దాన్ని 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. ఒక వీడియో కాల్‌కి రెండు మూడు ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. నలుగురున్న ఇంటికి 30 సరిపోతుంది. 100 అని రాసి రాత్రి ఎనిమిదింటికి 3 వచ్చే లైను కన్నా, 30 అని రాసి ఎప్పుడు చూసినా 25 ఇచ్చే లైను మేలు.

## ఫైబర్

దొరికే చోట నా మొదటి ఓటు దీనికే. పల్లెల్లో ఇది మూడు దారుల్లో వస్తుంది: కేబుల్ ఆపరేటరు ద్వారా ఏపీ ఫైబర్‌నెట్, స్థానిక భాగస్వామి ద్వారా బీఎస్ఎన్ఎల్, లేదంటే టౌన్ నుంచి సొంతంగా లైను లాక్కొచ్చిన ప్రైవేటు ఆపరేటరు.

ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో లాంఛనంగా మొదలైనప్పుడు 149 రూపాయలకే టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అని ఊరూరా చెప్పుకున్నారు. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా వైరు లాగడం వల్లే అంత తొందరగా, అంత చవకగా పల్లెలకు చేరింది. దాని బలం అదే, బలహీనత కూడా అదే. డెల్టా వైపు కోవూరు, బుచ్చిలో వరిగడ్డి ఎత్తుగా వేసుకుని ట్రాక్టరు వెళ్తే వైరు దానితో పాటే పోతుంది. ఉదయగిరి వైపు కోతులు ఊగుతాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటి తుపాను వచ్చిందంటే ముందు కరెంటు వాళ్లు స్తంభం నిలబెట్టాలి, ఆ తర్వాతే ఫైబర్ వాళ్లు వైరు కట్టాలి. అంటే ఇంట్లో లైటు వెలిగిన తర్వాత కూడా నెట్ కోసం ఇంకొన్నాళ్లు ఆగాలి.

తవ్వి పూడ్చిన లైనుకు కోతుల బెడద లేదు, జేసీబీ బెడద ఉంది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడో, తాగునీటి పైపు వేసేటప్పుడో ఒక్క గీటుకు తెగుతుంది.

ఇక్కడ భారత్‌నెట్ గురించి ఒక మాట. 2011లో వేరే పేరుతో ఆమోదం పొందిన ఈ కేంద్ర పథకం మొదటి లక్ష్యం గ్రామ పంచాయతీ దాకా ఫైబర్ చేర్చడం. పంచాయతీ ఆఫీసు దాకా, మీ ఇంటి దాకా కాదు. "మా ఊరికి ఫైబర్ వచ్చిందని పేపర్లో వేశారు, మా ఇంటికి ఎందుకు రాలేదు" అనే ప్రశ్నకు జవాబు అదే. మజరాల్లో ఉండేవాళ్లకు ఇది మరీ కష్టం. పెద్ద ఊరి నుంచి రెండు కిలోమీటర్ల అవతల ముప్పై ఇళ్లుంటే, ఆ ముప్పై ఇళ్లలో పది మంది చేరితే గానీ ఆపరేటరుకు వైరు ఖర్చు రాదు. ఒక్కరే వెళ్లి అడిగితే "చూద్దాం" అంటాడు. పది మంది పేర్లు కాగితం మీద రాసి, చెరొక నెల అడ్వాన్సు ఇస్తామని చెప్పి చూడండి, మాట తీరు మారుతుంది. మా పక్క మజరాకు అట్లాగే వచ్చింది.

ఇంకో చిక్కు. పాత పద్ధతిలో లైను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తాడులా వరసగా పోతుంది. మొదటి ఊళ్లో తెగితే ఆ వెనక ఊళ్లన్నీ చీకటే. 2023లో కేంద్రం ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో దీన్ని రింగులా మార్చాలని పెట్టారు. అప్పుడు ఒక వైపు తెగినా రెండో వైపు నుంచి నెట్ వస్తుంది. మీ ఆపరేటరును "మనది రింగా, లైనా?" అని అడగండి. తెలిసినవాడైతే జవాబు చెప్తాడు. మీ ముఖంలోకి వింతగా చూస్తే దాన్నిబట్టి కూడా కొంత అర్థమవుతుంది.

కనెక్షన్ ఇచ్చే రోజు పవర్ మీటరు, అంటే వైరులో వచ్చే వెలుతురు బలం కొలిచే మిషన్ పెట్టి రీడింగ్ చూపించమనండి. డీబీఎంలలో మైనస్ అంకె కనిపిస్తుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే నిశ్చింత. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే ఆ రోజు పనిచేసినా, రేపు వైరు కాస్త వంగితే డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది. నేను మొదటిసారి ఇది తెలియక ఆరు నెలలు "రీస్టార్ట్ చేయండి సార్" అనే సలహాతో బతికాను. తప్పంతా స్తంభం మీద ఒక అతుకులో ఉంది.

కొందరు ఆపరేటర్లు చివరి స్తంభం దాకా ఫైబర్ తెచ్చి, అక్కడి నుంచి ఇంటికి మామూలు ల్యాన్ వైరు లాగుతారు. ఒప్పుకోకండి. అది రాగి. పిడుగు పడితే ఆ వైరు వెంటే వచ్చి రూటరును కాల్చేస్తుంది. ఫైబర్‌లో నడిచేది వెలుతురు గనక పిడుగు దాని వెంట రాదు. కరెంటు ప్లగ్గు వెంట రావచ్చు, ఉరుములప్పుడు ప్లగ్గు తీసేయడం మన పని.

## ఎయిర్‌ఫైబర్

ఎయిర్‌టెల్, జియో రెండూ 2023లో దీన్ని తెచ్చాయి. మిద్దె మీద ఒక డబ్బా బిగిస్తారు, అది టవర్ నుంచి 5జీ పట్టుకుని కిందున్న రూటరుకు ఇస్తుంది. పేరులో ఫైబర్ ఉంది గానీ ఇంటికి వచ్చేది గాలే. స్తంభాలు, కోతులు, ట్రాక్టర్ల గొడవ ఉండదు. ఒక్క పూటలో బిగించి వెళ్తారు. జియోది మొదలైనప్పుడు 30 ఎంబీపీఎస్ ప్లాను 599, పైన జీఎస్టీ.

అసలు విషయం టవర్. ఎక్కువ స్పీడునిచ్చే 5జీ తరంగాలు దూరం పోలేవు, అడ్డం వస్తే తట్టుకోలేవు. హైవే పక్క ఊళ్లకు, అంటే కావలి, సింగరాయకొండ, టంగుటూరు వైపు వాళ్లకు ఇది బాగా కుదరొచ్చు. టవర్‌కు మీ ఇంటికి మధ్య చింతతోపో, గుట్టో ఉంటే బేరం ఆపేయండి. పరీక్ష తేలిక: 5జీ ఫోను తీసుకుని రాత్రి ఎనిమిదింటికి మీ మిద్దె ఎక్కి స్పీడు చూడండి. ఉదయం కాదు, రాత్రి ఎనిమిదింటికే. ఊరంతా సీరియళ్లు, క్రికెట్టు చూసే వేళ అది. ఒకే టవర్‌ను అందరూ పంచుకుంటారు గనక మీకు మిగిలేది ఎంతో అప్పుడే తెలుస్తుంది. మూడు రాత్రులు చూడండి.

"అన్‌లిమిటెడ్" అన్న మాట వెనక నెలకు వెయ్యి జీబీ పరిమితి ఉండడం మామూలు. ఇంటికి అది చాలా ఎక్కువ. రొయ్యల చెరువు కెమెరాలకు చాలకపోవచ్చు, ఆ లెక్క కింద చెప్తాను.

కరెంటు పోతే ఇక్కడా రెండు కొసలు చూడాలి. మీ డబ్బాకు యూపీఎస్, టవర్‌కు బ్యాటరీ. గాలివాన తర్వాత రెండో రోజు టవర్ బ్యాటరీ అయిపోయి డీజిల్ పోసే మనిషి రాకపోతే ఫోను, నెట్ రెండూ ఒకేసారి పోతాయి. అందుకే ఇంట్లో ఎయిర్‌ఫైబర్ ఒక కంపెనీది, ఫోన్లో సిమ్ ఇంకో కంపెనీది ఉంచుకోమంటాను.

## ఫోన్ హాట్‌స్పాట్, సిమ్ రూటరు

చాలా ఇళ్లలో ఇప్పుడు నడుస్తున్నది ఇదే. ఉన్న రీఛార్జితోనే అయిపోతుంది, అదనపు ఖర్చు లేదు. కానీ రోజుకు రెండు జీబీ అంటే ఎంత? వీడియో కాల్ గంటకు సుమారు ఒక జీబీ తింటుంది. పిల్లవాడి ఆన్‌లైన్ కోచింగ్ రెండు గంటలైతే ఆ రోజు కోటా అయిపోయినట్టే. ఇంట్లో నలుగురికి నాలుగు రీఛార్జీలు, ఒక్కోటి మూడు వందల పైన. ఆ మొత్తం కూడితే ఫైబర్ ధర దాటుతుంది. ఈ లెక్క చేసి చూపిస్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

సిగ్నల్ సరిగా లేని ఊళ్లో సిమ్ వేసే రూటరు కొని కిటికీలోనో మిద్దె మీదో పెడితే ఫోను కన్నా మెరుగ్గా పట్టుకుంటుంది. బయటి యాంటెనా తగిలించే వీలున్నది కొనండి.

వెలిగొండల పక్క ఊళ్లకు, పడమటి వైపు దోర్నాల, ఎర్రగొండపాలెం అడవి అంచు పల్లెలకు ఇప్పటికి ఇదే దారి. జిల్లా గీతలు ఎన్నిసార్లు మారినా అక్కడ మాట ఒకటే: "టవర్ లేదు." పాలుట్ల లాంటి చెంచుగూడేలకు ఫైబర్ లాగాలంటే రిజర్వు అడవిలో ప్రతి గొయ్యికీ, ప్రతి స్తంభానికీ అనుమతి కావాలి. 4జీ లేని ఊళ్లకు టవర్లు వేయడానికి 2022 జులైలో కేంద్రం 26,316 కోట్లతో ఒక పథకానికి ఆమోదం తెలిపింది. దేశం మొత్తం మీద 24,680 ఊళ్లు లెక్కలోకి వచ్చాయి, పని బీఎస్ఎన్ఎల్‌ది. కాబట్టి ఆ వైపు వాళ్లు అలవాటైన సిమ్‌నే పట్టుకుని కూర్చోకుండా ఒక బీఎస్ఎన్ఎల్ 4జీ సిమ్ కూడా వేసి చూడాలి. ఒక్క రీఛార్జి ఖర్చుతో తేలిపోతుంది.

## ఉపగ్రహం, ఊరి వైఫై

స్టార్‌లింక్ గురించి అడిగేవాళ్లు పెరిగారు. 2025 జూన్‌లో దానికి మన దేశంలో లైసెన్సు వచ్చింది. దాని ఉపగ్రహాలు దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి గనక, 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉండే పాత రకం ఉపగ్రహాల్లా మాట ఆలస్యంగా వినిపించే బాధ ఉండదు. అయినా ఫైబరో, 5జీనో అందే ఊళ్లో దాని కోసం ఎదురుచూడడం అనవసరం. గుట్టల మధ్య ఒంటరి తోటకో, గూడెంలో బడికో అయితే వేరే మాట.

పీఎం-వాణి అనే పథకం 2020 డిసెంబరు నుంచి ఉంది. టీ కొట్టు వాడు కూడా వైఫై పెట్టి చిన్న చిన్న ప్యాకెట్లుగా అమ్ముకోవచ్చు. వాడుకునేవారికి చవక. ఇంటి కనెక్షన్‌కు బదులు కాదు.

## ఒక్క చూపులో

| | ఫైబర్ | ఎయిర్‌ఫైబర్ | సిమ్ రూటరు |
|---|---|---|---|
| తెగితే | మండలంలో అతుకు మిషన్ ఉంటే ఒక పూట, లేకపోతే వారం | మనం చేసేదేమీ లేదు, టవర్ బాగయ్యే దాకా ఆగాలి | సిమ్ మార్చి చూడొచ్చు |
| కరెంటు పోతే | రెండు కొసలా బ్యాటరీ కావాలి | ఇంట్లో యూపీఎస్, టవర్‌కు బ్యాటరీ | ఫోనైతే దాని ఛార్జింగ్ ఉన్నంతసేపు |
| రాత్రి ఎనిమిదింటికి | దాదాపు అదే స్పీడు, ఆపరేటరు కక్కుర్తి పడకపోతే | తగ్గుతుంది | బాగా తగ్గుతుంది |
| అప్‌లోడ్ | మంచిది | ఓ మోస్తరు | బలహీనం |
| మజరాకు | పది ఇళ్లు కలిస్తేనే | టవర్ కనిపిస్తే | ఎక్కడైనా, టవర్ ఉంటే |

## ఎవరికి ఏది

ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకు ఒక్క కనెక్షన్ చాలదు. ఫైబర్ పెట్టించి, వేరే కంపెనీ సిమ్ ఒకటి హాట్‌స్పాట్ కోసం ఉంచుకోండి. మీటింగ్ మధ్యలో వైరు తెగితే మేనేజరుకు కోతి కథ చెప్పుకోలేం.

రొయ్యల రైతులకు లెక్క వేరు. ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువు గట్టున కెమెరాలు మామూలైపోయాయి. ఒక కెమెరా 2 ఎంబీపీఎస్ చొప్పున రాత్రింబవళ్లు బొమ్మ పంపుతుంటే గంటకు 0.9 జీబీ, నెలకు దాదాపు 650 జీబీ. రెండు కెమెరాలకే వెయ్యి దాటింది. కెమెరాలో మెమరీ కార్డు వేసి రికార్డు అక్కడే అయ్యేట్టు పెట్టుకుని, మనం చూసినప్పుడు మాత్రమే నెట్ వాడేట్టు చేసుకోండి. అప్పుడు మామూలు సిమ్ రూటరు కూడా సరిపోతుంది. ఇంకోటి, దీన్ని మర్చిపోవద్దు: అర్ధరాత్రి కరెంటు పోయి చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయిన సంగతి తెలియడానికి బ్రాడ్‌బ్యాండ్‌ను నమ్మకండి. ఆ కరెంటుతో పాటు రూటరూ ఆగిపోతుంది. కరెంటు పోగానే మన ఫోనుకు రింగ్ చేసే సిమ్ అలారం దొరుకుతుంది, లోపల చిన్న బ్యాటరీతో. అందులో చాలా రకాలు 2జీ మీదే నడుస్తాయి. జియోకు 2జీ లేదు, కాబట్టి సిమ్ చూసి వేయండి.

పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోట షెడ్డులో కెమెరా పెట్టేవాళ్లూ గమనించాలి. మోటారు షెడ్డుకు వచ్చేది వ్యవసాయ ఫీడరు కరెంటు, రోజుకు 9 గంటలు. దొంగలు మిగతా పదిహేను గంటల్లోనే వస్తారు. అక్కడికి సోలార్ ప్లేటున్న సిమ్ కెమెరానే.

చదువుకునే పిల్లలున్న ఇంటికి అతి చవక ఫైబర్ ప్లాను చాలు. 30 ఎంబీపీఎస్ మించి డబ్బు పెట్టకండి. ఆ మిగిలిన డబ్బుతో రూటర్ యూపీఎస్ కొనండి.

పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ అనే ఇళ్లు మా వైపు వీధికి రెండు. వాళ్లకు స్పీడు కాదు, తేలిక ముఖ్యం. పెద్దాయనకు రీఛార్జి తేదీ, పాస్‌వర్డు గుర్తుండవు. బిల్లు ఆన్‌లైన్లో కొడుకే కట్టగలిగేది, ఆగిపోతే ఫోన్ చేయగానే "వస్తున్నా పెదనాన్నా" అనే మనిషి ఊళ్లోనే ఉండేది చూడండి. అట్లాంటి కేబుల్ కుర్రాడు ఉంటే వంద రూపాయలు ఎక్కువైనా అతని దగ్గరే తీసుకోండి.

నాలాంటి షాపుల వాళ్లకు ఫైబర్ ఒకటి, వేరే దారిలో వచ్చే ఎయిర్‌ఫైబరో సిమ్మో ఒకటి. రెండు ఫైబర్లు పెట్టించుకుంటే లాభం లేదు, రెండూ ఒకే స్తంభం మీద నుంచి వస్తాయి. స్తంభం పడితే రెండూ పడతాయి.

## డబ్బు కట్టే ముందు

ఏడాదికి ఒకేసారి కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం అంటారు. మూడేళ్ల కిందట నేనూ అట్లాగే ఒకాయనకు కట్టాను. పేరు వద్దులెండి. మూడో నెలలో లైను పోయింది, నాలుగో నెలలో ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. మొదటి మూడు నెలలు నెలనెలా కట్టండి. ఒక వానాకాలం గడిచాక, ఒక గాలివాన తర్వాత ఎన్ని రోజుల్లో వచ్చి బాగుచేశాడో చూశాక, అప్పుడు ఏడాది ప్లాను గురించి ఆలోచించండి. పాత రీఛార్జి కూడా ఆ మూడు నెలలూ ఆపకండి.

ఆపరేటరు మాటను నమ్మేకన్నా, అదే లైను వాడుతున్న ఇద్దరిని అడగండి. "స్పీడు ఎంత" అని కాదు, "పోయినసారి ఎప్పుడు తెగింది, ఎన్ని రోజులకు వచ్చాడు" అని.

ఇక వైరు లాగేటప్పుడు పక్కనే నిలబడండి. గోడ దగ్గర నాలుగైదు మీటర్ల వైరు అదనంగా చుట్టగా చుట్టి మేకుకు వేలాడదీయమనండి. వంకరగా, బిగుతుగా కాకుండా పళ్లెమంత చుట్ట. రేపు గడ్డి ట్రాక్టరు లాక్కెళ్లినప్పుడు కొత్త వైరు వచ్చే దాకా ఆగకుండా ఆ చుట్టలోంచే లాగి అతికేస్తారు. మా షాపు గోడ మీద చుట్ట ఇప్పటికి రెండుసార్లు పనికొచ్చింది. మూడోసారికి ఇంకో మీటరున్నర మిగిలింది.